తయారీదారు గడిలో ఎవరి పేరు

మా కారు ఇప్పటిదాకా ఒక్కసారే గోదావరి దాటింది. అదీ తన చక్రాల మీద కాదు, ట్రాక్టరు ట్రక్కులో, నాలుగు మూలలా తాళ్లు బిగించి. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని దాటించే పెద్ద పడవ) ఎక్కించేటప్పుడు టికెట్లు ఇచ్చే కుర్రాడు ట్రక్కులోకి తొంగి చూసి "ఇది కారేనాండీ?" అని అడిగాడు. కారే అన్నాను. "నడుస్తుందాండీ?" నడుస్తుందన్నాను. "మరి ట్రక్కులో ఎందుకండీ, దింపి తోలుకెళ్లిపోవచ్చు కదా?" బైకుల మీద ఉన్నవాళ్లు కూడా దిగి వచ్చి చుట్టూ చేరారు. ఇంజన్ ఉంది, స్టీరింగ్ ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, బ్రేకు పడుతోంది, నంబరు ప్లేటు మాత్రం లేదు. రాదు కూడా. ఎందుకు రాదో నర్సాపురం ఒడ్డు చేరేలోపు చెప్పడానికి ప్రయత్నించాను గానీ, వశిష్ఠ పాయ దాటే ఆ కాసేపు ఈ సంగతికి చాలదు.

నా పని రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు బాగుచేయడం. మోటార్లు, గేర్‌బాక్సులు, స్టీలు ఫ్రేములు, రాత్రి రెండింటికి ఫోను వస్తే బండేసుకుని గట్ల మీద పడి వెళ్లడం. వెల్డింగ్ మిషను ఇంట్లోనే ఉంది, చిన్నాన్న ట్రాక్టరు అమ్మేశాక షెడ్డు ఖాళీగా ఉంది. 2021 వేసవిలో ఆ షెడ్డులో కారు కట్టడం మొదలుపెట్టాను. కొనడం కాదు, బాగుచేయడం కాదు, కట్టడం. ఇల్లు కట్టినట్టు, పడవ కట్టినట్టు. మూడేళ్లు పట్టింది, 3,10,000 రూపాయలు అయింది. ఆ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది కదా అని ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి కిళ్లీ కొట్టు దాకా అందరూ అడిగారు. వచ్చేది. నాకు కావలసింది అది కాదు కాబట్టి కొనలేదు.

కిట్ కారు అనే మాట మన దగ్గర చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో 1957లో లోటస్ సెవెన్ అని ఒక చిన్న రెండు సీట్ల కారు వచ్చింది, చేసినాయన కాలిన్ చాప్‌మన్. పూర్తి కారు కొంటే అక్కడ కొనుగోలు పన్ను పడేది, విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అందుకని చాసిస్సు అనే ఇనుప గూడు, రేకులు, గొట్టాలు పెట్టెల్లో ఇంటికి పంపేవారు, కొన్నవాడు వాకిట్లో బిగించుకునేవాడు. బిగించే పద్ధతి రాసి ఇస్తే అది పూర్తి కారు కిందికి వస్తుందని, విడదీసే పద్ధతి రాసి ఇచ్చి కింది నుంచి పైకి చదువుకోమన్నారని ఒక కథ కూడా చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, పన్ను లాభం పోయింది, కానీ బిగించుకునే వాళ్లు మాత్రం పోలేదు. అదే ఏడాది కేటర్‌హామ్ అనే కంపెనీ ఆ కారు హక్కులు తీసుకుంది, ఇవాళ్టికీ దాన్ని కిట్టుగా అమ్ముతోంది. అంటే పన్ను కోసం మొదలైన పని పన్ను లేకపోయినా నిలబడింది. చేత్తో చేయడంలో ఉన్న తృప్తి వల్లే నిలబడిందని నా నమ్మకం.

మన దగ్గర అలాంటి కిట్టు దొరకదు. కాబట్టి పాత బండి ఒకటి కొని దాని ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు, బ్రేకులు తీసుకుని, చాసిస్సు మనమే చేసుకోవాలి. ఏ బండి కొనాలి అన్నదానికి నాకు ఆరు నెలలు పట్టింది. అందరూ మారుతి 800 అంటారు. కానీ దాంట్లో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలని తిప్పుతుంది. ఓమ్నీలోనూ అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను, అయితే ముందు సీట్ల కింద నిలువునా ఉండి, ప్రొపెల్లర్ షాఫ్టుతో వెనక ఇరుసుని తిప్పుతుంది. నాకు కావలసిన పాత తరహా కారుకి అదే సరిపోతుంది. 1984 నుంచి 2019 దాకా తయారైంది కాబట్టి సామాను ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. పాల వ్యాపారానికి తిరిగిన ఒక ఓమ్నీ, నేల రేకు పూర్తిగా తుప్పు పట్టి కింద రోడ్డు కనబడుతున్నది, 38,000కి ఇచ్చారు. దాని ఆర్‌సీ రద్దు చేయించి, వారం రోజుల్లో మొత్తం విప్పేశాను.

చాసిస్సు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఇరవై అడుగుల నిడివి ఒకటి ఏడు కేజీలుంటుంది, ఒక చేత్తో ఎత్తేయొచ్చు. అలాంటివి పది కొంటే కారు ఎముకల గూడు మొత్తం అయిపోతుంది. డెబ్బై కేజీల ఇనుము మీద ఇంజను, ఇద్దరు మనుషులు, పెట్రోలు, అన్నీ కూర్చుంటాయంటే మొదట నాకే నమ్మకం కలగలేదు. దాని బలం ఇనుములో లేదు, త్రికోణంలో ఉంది. పెళ్లి పందిరి వేసేటప్పుడు చూడండి, నాలుగు రాటలు పాతి పైన అడ్డకర్రలు కట్టినంతసేపూ పందిరి అటూ ఇటూ ఊగుతుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా ఒక్క కర్ర కట్టగానే ఆగిపోతుంది. ఈ చాసిస్సు అంతా అదే. ఎక్కడ చతురస్రం కనిపించినా దానికి ఒక ఏటవాలు గొట్టం వేసి రెండు త్రికోణాలు చేయాలి. మనిషి కూర్చునే చోట అలా వేయడానికి కుదరదు, అందుకే ఇలాంటి కార్లన్నిటిలో అక్కడే బలం తక్కువ, నడుమ సొరంగం లాంటి భాగాన్ని గట్టిగా చేసి దాన్ని సరిపెడతారు.

మొదటి చాసిస్సు పాడైపోయింది. దాచడం ఎందుకు, మొత్తం చెబుతాను. ఏరియేటరు ఫ్రేము ఎలా అతుకుతానో అలాగే ఒక పక్క మొదలుపెట్టి పూర్తిగా అతుక్కుంటూ రెండో పక్కకి వచ్చాను. వేడికి ఇనుము సాగి, చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది, అతుకు ఎటు ఉంటే అటు లాగేస్తుంది. ఏరియేటరులో నాలుగైదు మిల్లీమీటర్లు తేడా వస్తే నీళ్లకి తెలియదు. ఇక్కడ మూల నుంచి మూలకి టేపు పెట్టి కొలిస్తే రెండు కర్ణాలకీ మధ్య 11 మిల్లీమీటర్ల తేడా. అంటే కారు కొద్దిగా ఓ పక్కకి తిరిగి నడుస్తుందన్నమాట. మా ఇంటికి గోడ కట్టిన తాపీమేస్త్రి బాబాయ్ వచ్చి చూసి, "ముందు చుక్కలు పెట్టుకోవాలి, కర్ణాలు చూసుకోవాలి, తర్వాత కదా పూర్తి పని, పునాది ముగ్గు పోసేటప్పుడు మేం చేసేది అదే" అన్నాడు. ఆయనకి వెల్డింగు రాదు. కానీ కొలత తెలుసు. మూడు, నాలుగు, అయిదు కొలతలతో మూల సరిచూడటం ఆయన నాకు చెప్పలేదు గానీ, చేస్తూ చూపించాడు. రెండోసారి కాంక్రీటు నేల మీద మందపాటి ఇనుప కమ్మీలతో ఒక జిగ్గు వేసి, గొట్టాలని అందులో బిగించి, అన్నిటికీ చుక్కలు పెట్టి, కర్ణాలు చూసి, అటొకటి ఇటొకటి అతుకులు వేస్తూ పోయాను. తేడా 2 మిల్లీమీటర్లకి వచ్చింది. ఆ రోజు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా షెడ్డులో లైటు వేసే ఉంచాను, కిటికీలోంచి దాన్ని చూస్తూ తిన్నాను.

తర్వాత సస్పెన్షను. ఓమ్నీ ముందు చక్రాల స్ట్రట్లు, అంటే స్ప్రింగు కాళ్లు, పొడుగు, ఇంత కిందికి ఉండే బండికి పనికిరావు. కాబట్టి ముందు చక్రాలని చాసిస్సుకి పట్టి ఉంచే చేతులు నేనే చేయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు దాన్ని పట్టుకున్న చెయ్యి ఒక వంపులో కదులుతుంది, స్టీరింగు రాడ్డు ఇంకో వంపులో కదులుతుంది. ఆ రెండు వంపులూ కలవకపోతే మనం స్టీరింగు తిప్పకుండానే చక్రం తనంతట తాను తిరుగుతుంది. మన గట్టు రోడ్ల మీద, పక్కన కాలవ పెట్టుకుని, అలా తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి నాకు నాలుగు నెలలు పట్టింది. మూడు జతల చేతులు చేసి పారేశాను. అట్ట ముక్కలతో, సూదులతో, దారంతో బల్ల మీద బొమ్మ కట్టుకుని కదిపి చూసుకుంటూ చేశాను.

ఈ పని చేశాకే నాకు కిట్టు విలువ తెలిసింది. కిట్టు కొనేవాడు సోమరి అని, అంతా సొంతంగా చేసేవాడే మొనగాడు అని అనుకునేవాళ్లున్నారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అది తప్పు. కిట్టులో వచ్చే చాసిస్సు మీద ఆ చేతులు ఎక్కడ బిగించాలో ఎవరో లెక్క కట్టి, వందల బండ్ల మీద నడిపి, తప్పులు దిద్ది పెట్టి ఉంటారు. ఇంట్లో చేసేవాడికి ప్రాణం మీదికి తెచ్చే నిర్ణయాలు అందులో ముందే తీసుకుని ఉంటారు, మిగిలేది శ్రద్ధగా బిగించడం. మన దేశంలో దారి లేదు కాబట్టి కిట్టు లేదు, కిట్టు లేదు కాబట్టి నాలాంటి వాళ్లు అన్నీ మొదటి నుంచి చేస్తాం, అంటే ఎక్కువ ప్రమాదం ఉన్న పద్ధతిలోనే చేస్తాం. భద్రత కోసమని దారి మూసేస్తే వచ్చిన ఫలితం ఇది. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను, ఓమ్నీ వైర్లు మొత్తం కట్టలు కట్టలుగా విప్పి, ప్రతిదానికీ చీటీ కట్టి, మళ్లీ పరిచాను, అంతే. తుప్పు గురించి మాత్రం చెప్పాలి, అంతర్వేది గాలి పీల్చేవాళ్లకి అది పెద్ద విషయం. మా వైపు గేటు ఇనుము రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుంది. గొట్టం బయట రంగు వేస్తాం, లోపలి సంగతేంటి? ప్రతి గొట్టానికీ చిన్న కన్నం వేసి, పల్చని నూనె పోసి, చాసిస్సుని అటూ ఇటూ తిప్పి, కారిపోయాక కన్నాలు మూసేశాను. అల్యూమినియం రేకు ఇనుము మీద నేరుగా రివిట్టు కొడితే ఉప్పు తేమకి ఆ రెండూ కలిసిన చోట తినేస్తుంది, మధ్యలో సీలెంటు పూసి కొట్టాను. ఈ రెండు పనులకే నెల పట్టింది.

ఇక బ్రేకు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ రోజే.

బండి మొదటిసారి సొంతంగా కదిలాక, మా చెరువు గట్టు మీద పదిసార్లు తిప్పాను. బ్రేకు పడుతోంది. పెడలు కొంచెం మెత్తగా ఉంది, బ్రేకు గొట్టాల్లో గాలి ఉందేమో అని మళ్లీ మళ్లీ గాలి తీశాను, ఇంకేమీ తోచలేదు. తాటిపాక వైపు ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసిన ఒక పెద్దాయన ఉన్నారు, చుట్టరికం లేకపోయినా మామయ్యా అంటాను. చూసి పొమ్మని పిలిచాను. ఆయన ఇంజను చూడలేదు, రంగు చూడలేదు. నేల మీద కూర్చుని, పెడలు బిగించిన రేకు మీద అరచెయ్యి ఆనించి, "తొక్కు" అన్నారు. తొక్కాను. "గట్టిగా తొక్కబ్బాయ్, ఎదురుగా పిల్లాడు వచ్చాడనుకుని తొక్కు." తొక్కాను. ఆయన చెయ్యి తీసి నా వంక చూసి, "నీ కాలు నూనెని తొయ్యట్లేదు, రేకుని తోస్తోంది" అన్నారు.

స్కేలు పెట్టి చూస్తే ఆ రేకు 6 మిల్లీమీటర్లు ముందుకి వంగుతోంది. లెక్క చిన్నదే. భయంలో మనిషి నలభై కేజీల బలంతో తొక్కుతాడు అనుకుంటే, పెడలు దాన్ని అయిదు రెట్లు చేస్తుంది, రెండు వందల కేజీలు ఆ రేకు మీద పడతాయి. నేను వేసింది 1.2 మిల్లీమీటర్ల రేకు. గట్టు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ఏమీ తెలియదు. నిజంగా గట్టిగా తొక్కాల్సిన ఒకే ఒక్క రోజున అది చిరిగిపోయేది. 3 మిల్లీమీటర్ల ప్లేటు వేసి, దాని వెనక నుంచి చాసిస్సు మూలలకి రెండు గొట్టాలు కట్టాను. ఆ తర్వాత ఇంకొకటి ఆయనే పట్టుకున్నారు. ఓమ్నీ వెనక బ్రేకులు మనుషులూ సరుకూ నిండిన బండి కోసం ఉన్నవి, ఈ తేలిక బండికి అవి ఎక్కువ. తడి గట్టు మీద వెనక చక్రాలు ముందు బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. వెనక్కి వెళ్లే బ్రేకు ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టి, ముందు చక్రాలే ముందు పట్టేలా సరిచేశాం.

మూడేళ్లు రాత్రింబవళ్లు దానితో ఉన్నవాణ్ని నేను. ప్రతి అతుకూ నాదే. ఆ లోపం నాకు కనపడలేదు. ఆయనకి రెండు నిమిషాల్లో చేతికి తగిలింది. కాబట్టి నన్ను ఎవరైనా "నీ బండి నువ్వు చేసుకున్నావు, నీ ఇష్టం, రోడ్డెక్కించెయ్" అంటే ఒప్పుకోను. పరీక్ష లేకుండా రోడ్డెక్కకూడదు. నా వాదన పరీక్ష వద్దని కాదు, పరీక్ష పెట్టమని. ఇప్పుడు ఉన్నది పరీక్ష కాదు.

ఎందుకు కాదో చెబుతాను. ఒక రవాణా ఆఫీసుకి ఫొటోలు, బిల్లులు పట్టుకుని వెళ్లాను. అక్కడి అధికారి చాలా మర్యాదగా కూర్చోబెట్టి ఫొటోలన్నీ చూశారు. చూసి, కొత్త బండి రిజిస్ట్రేషను కాగితం నా ముందు పెట్టి, "ఇక్కడ తయారీదారు పేరు అని గడి ఉంది, ఏం రాయమంటారు?" అన్నారు. నా పేరు రాయండి అన్నాను. "మీ పేరు రాస్తే, మీరు ఫారం 22 ఇవ్వాలి. ఫారం 22 ఇవ్వాలంటే మీ నమూనాకి ఆమోదం ఉండాలి." ఫారం 22 అంటే బండి నిబంధనలకి సరిపోతుందని తయారీదారు ఇచ్చే హామీ కాగితం. నమూనాకి ఆమోదం అన్నది 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన. తయారీదారు తన నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థకి పంపి, పరీక్షలన్నీ చేయించి, సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. వేల బండ్లు అమ్మే కంపెనీకి అది సరైన పద్ధతే, ఎందుకంటే ఒక నమూనాలో తప్పుంటే వేల ఇళ్లలోకి వెళుతుంది. ఒక్కటే బండి చేసి, అదీ తనకోసం చేసుకున్నవాడికి ఆ దారిలో నడవడం కుదరదు. పోనీ పాత ఓమ్నీ ఆర్‌సీ రద్దు చేయించకుండా దాని మీదే నడిపి ఉంటే? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఆ ఏడాది సవరించిన చట్టం ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ. నేను ఆ పని చేయను, ఎవరినీ చేయమని చెప్పను.

అంటే నన్ను పరీక్షించి ఫెయిల్ చేయలేదు. పరీక్ష హాల్లోకి రానివ్వలేదు. రెండూ ఒకటి కాదు.

ఇక్కడే మా అంతర్వేది పల్లిపాలెం గురించి చెప్పాలి. కారు ముక్కు, నాలుగు మడ్‌గార్డులు ఫైబరుతో చేయించాను. చేసింది పడవలు చేసే అన్నయ్య. వినాయకుడి బొమ్మలకి వాడే బంకమట్టితో ఆకారం చేసుకుని, దాని మీద అచ్చు తీసి, అచ్చుకి వాక్స్ పూసి, జెల్‌కోటు వేసి, గాజు పీచు మ్యాటూ, దాన్ని గట్టిపరిచే రెజినూ పొరలు పొరలుగా పరిచాడు. వాన రోజుల్లో రెజిను సరిగా గట్టిపడదని శ్రావణం వెళ్లేదాకా ముట్టుకోనన్నాడు. ఆయన షెడ్డులో, నా కారు ముక్కు పక్కనే, ఒక ఫైబరు పడవ ఆరుతోంది. అది సముద్రంలోకి వెళుతుంది, మనుషులు దాన్ని నమ్ముకుని కనుచూపు దాటిపోతారు. దానికి మత్స్యశాఖ నంబరు ఇస్తుంది, ఐఎన్‌డి ఏపీ అని మొదలుపెట్టి పడవ పక్కన పెద్ద అక్షరాలతో రాయిస్తారు. ఒడ్డున షెడ్డులో చేసిన పడవ. అదే చేతులు, అదే రెజిను. దానికి నంబరు ఉండటం తప్పని నేననడం లేదు, అది ఉండాల్సిందే. ఒడ్డున చేసిన పడవని చూసి నంబరిచ్చే ప్రభుత్వానికి, షెడ్డులో చేసిన కారుని చూసి నంబరివ్వడం చేతకాని పని కాదని మాత్రమే అంటున్నాను.

పడవ వేరు అంటారా, లారీ సంగతి చూడండి. కంపెనీ చాసిస్సు ఇస్తుంది, బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కడతారు. బాడీ కట్టినవాడు ఫారం 22-ఏ రెండో భాగంలో సంతకం పెడతాడు. బాడీ లేని చాసిస్సు కూడా మోటారు వాహనమే అని చట్టం రెండో సెక్షనులోనే ఉంది. బండి మొత్తం ఒకే ఫ్యాక్టరీ గేటులోంచి రావాలనే నియమం ఇక్కడ ఎప్పుడూ లేదు. అంతెందుకు, విమానం. ముంబైలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కి 2017లో విమానాలని నియంత్రించే డీజీసీఏ రిజిస్ట్రేషను ఇచ్చింది, 2019లో ఎగరడానికి అనుమతి ఇచ్చింది. ఆయన ఎన్ని ఏళ్లు తిరిగారో, ఎంత అప్పు పడ్డారో ఆయనకే తెలియాలి. కానీ చివరికి ఆ కాగితం మీద ఒక గడి దొరికింది.

బ్రిటన్‌లో ఏం చేశారంటే, 1998 నుంచి ఇలాంటి కార్లకి ఒక్కో బండినీ విడిగా పరీక్షించే పద్ధతి పెట్టారు, 2009లో దాన్ని ఇంకా కఠినం చేసి పేరు మార్చారు. బ్రేకులు యంత్రం మీద పెట్టి చూస్తారు, సీటుబెల్టు ఎక్కడ బిగించారో చూస్తారు, పొగ చూస్తారు, బయట మనిషికి తగిలే అంచు ఏదైనా 2.5 మిల్లీమీటర్ల గుండ్రం కంటే పదునుగా ఉంటే వెనక్కి పంపేస్తారు. అద్దం అంచు పదునుగా ఉందని వెనక్కి పంపితే నాకు కోపం రాదు. గుండ్రం చేసుకుని మళ్లీ వెళతాను.

మన దగ్గర చూసే మనుషులు లేరు అనడం కూడా నిజం కాదు. ఇంజనీరింగు పిల్లలు బాజా ఎస్ఏఈ పోటీల కోసం 2007 నుంచీ బగ్గీ కార్లు కడుతున్నారు, పెట్రోలు బండ్లన్నిటికీ ఒకే రకం ఇంజను, చాసిస్సు మాత్రం ఎవరిది వాళ్లే. పోటీకి ముందు ప్రతి బండినీ గొట్టం గొట్టం చూస్తారు, బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి, లేకపోతే పోటీలోకి రానివ్వరు. ఇంటి దగ్గర కట్టిన బండిని ఎలా చూడాలో తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇంతమంది ఉన్నారు. పోటీ అయిపోయాక ఆ బండ్లు కాలేజీ షెడ్డుల్లో పడి ఉంటాయి, పిల్లలు ఉద్యోగాలకి వెళ్లి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. వాళ్లలో ఒక్కడు సొంత ఊళ్లో చిన్న కిట్ల షెడ్డు పెట్టుకోవాలనుకున్నా, అమ్మిన కిట్టుకి నంబరు రాదు కాబట్టి కొనేవాడు ఉండడు.

2021 చివర్లో సాంగ్లి జిల్లాలో ఒకాయన పాత సామానుతో, సుమారు 60,000 రూపాయలతో, బైకులా కిక్కు కొట్టి స్టార్ట్ చేసే చిన్న జీపు చేశాడు, వీడియో మీ అందరికీ వచ్చే ఉంటుంది. అలాంటి బండిని అధికారులు ఎప్పటికైనా ఆపేస్తారని ఆనంద్ మహీంద్రా రాసి, దాని బదులు కొత్త బొలెరో ఇచ్చారు, ఆ చిన్న జీపుని తమ సేకరణలో పెడతామన్నారు. మంచి మనసుతో చేసిన పని, ఆ కుటుంబానికి మేలు జరిగింది, సంతోషించాను. కానీ ఆ రోజంతా నాకు ఒకటే ఆలోచన. చేసినవాడి బండి చూడటానికి మిగిలింది, వాడి చేతికి వేరేవాళ్లు చేసిన బండి వచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది, ఆ జీపుని ఎవరైనా కింద పడుకుని పరీక్షించారా అని మాత్రం ఎవరూ అడగలేదు. బాగుంటే నంబరివ్వాలి, బాలేకపోతే ఏది బాలేదో చెప్పాలి. చేతిపని చేసేవాడికి బహుమతి కంటే అది ఎక్కువ గౌరవం.

ఇంకో వైపు వాదన కూడా వింటూ ఉంటాను. రోడ్డు మీద లైట్లు లేని ట్రాక్టర్లు లేవా, మోటారు బిగించిన రిక్షాలు లేవా, నీ బండే ఎక్కువైందా అని. ఆ మాట నాకు సాయం కాదు. 2013లో జుగాడ్ బండ్ల (దొరికిన ఇంజను బిగించి ఊళ్లలో చేసుకునే బండ్లు) కేసులో అవి కూడా మోటారు వాహనాలే, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు లేకుండా తిరగకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, సరిగ్గా చెప్పింది. వాటి కింద పడినవాడికి నష్టపరిహారం ఎవరిస్తారు? నా బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకి ఇన్సూరెన్సు దొరకాలి, అందుకోసమైనా నాకు నంబరు కావాలి.

కాబట్టి నేను అడుగుతున్నది చాలా తక్కువ. ఒక మనిషి తనకోసం కట్టుకున్న ఒక బండికి, ఒక చోట, ఒక పరీక్ష. ఫీజు నేనే కడతాను, బండి ట్రక్కులో వేసుకుని పుణె తీసుకెళ్లమన్నా తీసుకెళతాను. ఏ గొట్టం ఎక్కడ కొన్నానో బిల్లు, ఇంజను ఏ బండిదో కాగితం, ప్రతి అతుకు ఫొటో అడగండి. అయిదేళ్లు అమ్మకూడదనండి, బాడుగకి తిప్పకూడదనండి, హైవే ఎక్కకూడదన్నా ఒప్పుకుంటాను. మా రోడ్లకి యాభై కిలోమీటర్ల వేగం చాలు.

ప్రస్తుతానికి బండి మా గట్టు మీదే తిరుగుతోంది. సొంత చెరువు, సొంత దారి, గేటు వేసి ఉంటుంది. పొద్దున్నే మేత వేయడానికి దాని మీదే వెళతాను, పక్క సీట్లో మేత బస్తా. జిగ్గు విప్పలేదు. ఐటీఐ చదివిన మా వీధి కుర్రాడు ఒకడు రోజూ సాయంత్రం వచ్చి గొట్టాలు కోస్తున్నాడు, రెండోది వాడిది. వాడు మొదటి రోజే నన్ను అడక్కుండా కర్ణాలు కొలిచాడు.

బండి కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టాను. ఆ అధికారి ఇచ్చిన ఫారం జిరాక్సు అన్నిటికంటే పైన ఉంటుంది. తయారీదారు గడి చిన్నది, అయినా నా పేరు, తాపీమేస్త్రి బాబాయ్ పేరు, తాటిపాక మామయ్య పేరు, పల్లిపాలెం అన్నయ్య పేరు అందులోనే పట్టేలా సన్నగా రాశాను. పెన్సిలుతో రాశాను.